మైల నీడ

నమోదు 212. రెక్క కడిగిన రోజు.

క్షేత్ర ఉద్యోగులందరూ దినచర్య రాసి పంపాలని కంపెనీ నిబంధన. దీన్ని ఎవరూ చదవరని నా అనుమానం. కిందటేడు పరీక్ష కోసం ఒక నమోదులో బొరుగుల ఉగ్గాని చేసే పద్ధతి రాసి పంపాను. "అందినది, తగు చర్య తీసుకొనబడును" అని జవాబు వచ్చింది. అప్పటినుంచి మనసులో ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

పొద్దున్నే నిచ్చెన వేసుకుని మా ఇంటి మీద నీడ పట్టే రెక్క కడిగాను. దుమ్ము పేరుకుంటే రెక్క బరువెక్కి సూర్యుడి వెంట సరిగ్గా తిరగదు. మధ్యాహ్నానికి వంటింట్లో ఎండ పడుతుంది. మా ఊరు ఎర్రదిన్నెలో వంటింట్లో ఎండ పడితే పొయ్యి వెలిగించే పనే ఉండదు, వండేవాళ్ళు మిగిలితే. ఒకప్పుడు జనం మిట్టమధ్యాహ్నం నెత్తిన గుడ్డ కూడా లేకుండా బజారుకు వెళ్ళేవాళ్ళని మా అమ్మమ్మ చెప్పేది. ఆమె చెప్పినవాటిలో సగం నమ్మేదాన్ని. ఇది ఆ సగంలో ఉందో లేదో గుర్తులేదు.

నా ఉద్యోగం పేరు పరామర్శ అధికారిణి. విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినందుకు, నలభై దాటాక దొరికిన పని. నీడ కంపెనీ యజమాని కదిరప్ప ఇంటర్వ్యూలో ఒకే ప్రశ్న అడిగాడు.

"నీకు ఏడుపొస్తాదా తల్లీ?"

"సందర్భాన్ని బట్టి వస్తుంది. ఒక్కోసారి అది ఏడుపో కాదో నాకే తెలియదు."

"సరిపోయింది. రేపట్నించి రా."

చేయాల్సిన పని ఇది. ఊళ్ళో ఎవరైనా పోతే పాడె వెంట నేనూ వెళ్ళాలి. శ్మశానం గేటు దగ్గర నిలబడి, అక్కడిదాకా నడిచి వచ్చినవాళ్ళ మణికట్టుకు తెల్లదారం కట్టాలి. దారంలోని చిప్పు వాళ్ళ ఇంటి రెక్కకు కబురు చెబుతుంది. దినాలు అయ్యేదాకా ఆ ఇంటికి నీడ ఉచితం. కంపెనీ కాగితాల్లో దీని పేరు సంతాప రాయితీ. ఊళ్ళో పేరు మైల నీడ.

నమోదు 215. కదిరప్ప వచ్చి వెళ్ళాడు.

ఆరు పట్టణాల మీద రెక్కలు పరిచిన మనిషి. మంత్రులు సభ పెట్టుకోవాలన్నా ఈయన నీడే కావాలి. అయినా ఏ గదిలోకి వెళ్ళినా ముందు పైకి చూసి "ఇది మూడు షామియానాల గది" అంటాడు. కర్టెన్ తాడు కనిపిస్తే ఒకసారి లాగి ముడి గట్టిగా ఉందో లేదో చూస్తాడు. టెంట్ హౌస్ పెట్టుకున్న నాటి బుద్ధులు. ఎండలు ముదిరి పెళ్ళిళ్ళు రాత్రిళ్ళకు మారినప్పుడు, మిగతా టెంట్ హౌస్ వాళ్ళు గుడ్డలు అమ్ముకున్నారు. ఈయన మాత్రం పగటిపూట పందిరిని ఇళ్ళ మీదకి ఎక్కించాడు. అక్కడినుంచి ఇంతవాడయ్యాడు.

ఇవాళ టీ తాగుతుంటే అడిగాను. "శ్మశానం దారికి కూడా రెక్కలు వేయించవచ్చు కదన్నా? జనం మాడిపోతున్నారు."

"దారికి నీడేస్తే షికారుకొస్తారు. ఎండలో వస్తే మనిషి కోసమొచ్చినట్టు."

"ఇప్పుడు నీడ కోసం వస్తున్నారని మీకు తెలియదా?"

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "మా నాయన పోయిన పొద్దు పాడె పట్టేదానికి ఒక్కడు రాలేదు తల్లీ. ఊరంతా మా షామియానా కింద కూకోని పెండ్లిభోజనాలు తిన్నోళ్ళే. తలుపు సందుల్లోంచి చూసినారు, పాపం. ఎండ అట్లుండాది. నేనూ మా చిన్నాయన, పందిరి గుంజలు తీసకపోయే బండి మీద పడుకోబెట్టి తోసుకోని పోయినాము. బండి కిర్రుకిర్రుమంటాది. మా నాయన బతికుంటే నూనె ఎయ్యలేదేరా అని తిట్టేటోడు."

నవ్వాడు. నేను నవ్వాలో వద్దో తేల్చుకునేలోపే లేచి వెళ్ళిపోయాడు.

నమోదు 221. నీడ రేటు పెరిగిన వారం.

రేటు పెరిగింది. చావులకు జనం పెరిగారు. రెండింటికీ సంబంధం ఉందని చెప్పడానికి తత్వశాస్త్రం అక్కర్లేదు.

మా పక్కింటి నారెమ్మక్క ఒక్క చావూ వదలడం లేదు. చెంబెడు మజ్జిగ, చెప్పులు, నెత్తిన తడిగుడ్డ సిద్ధంగా పెట్టుకుంటుంది. వచ్చాక అరుగు మీద కూర్చుని తీర్పులిస్తుంది. "నిన్నటిది బాగుండె హైమా. జాగు చెయ్యకుండా బిన్నా ఎత్తినారు, బిన్నా పూడ్చినారు. మొన్నటిదే, ఆ చిన్న కోడలు అడుగుకొకసారి అడ్డం పడి ఏడ్చె. మా కాళ్ళు కాల్తాండాయని లేదు ఆ యమ్మికి."

"ఏడవద్దా మరి?"

"ఏడ్చల్ల. నీడ జూసి ఏడ్చల్ల."

వీధి చివర బసప్ప తాతకు దగ్గు పట్టుకుంది. అంతే, పరామర్శకు వచ్చేవాళ్ళతో ఇల్లు నిండింది. ఒకరు పళ్ళు తెచ్చారు. ఒకరు నాడి చూశారు. మాకు ఆదివారం ఖాళీనే తాతా అని ఒకావిడ అన్నదట. నేను వెళ్ళేసరికి తాత మంచం మీద లేచి కూర్చుని అరుస్తున్నాడు. "నేనింగా పోలేదప్పా! పోయేటప్పుడు నేనే చెప్పి పంపిస్తా! పోండి ఇండ్లకు!"

నన్ను చూసి ఇంకా మండిపడ్డాడు. "నువ్వూ వచ్చినావా? దారాలు తెచ్చినావేమో?"

దారాల సంచి నా భుజానే ఉంది. వెనక్కి దాచుకున్నాను.

నమోదు 228. అనుమానం.

నిన్న ఊరవతల ఒంటరిగా ఉండే మనిషి పోయాడు. వెంట నడిచినవాళ్ళలో ఆయన్ను ఎరిగినవాళ్ళు చాలా తక్కువ. దారిలో నారెమ్మక్క ముందువాణ్ణి అడిగింది, "ఎవరప్పా ఈయన?" పాత గడియారాలు బాగుచేసేవాడట. డబ్బులివ్వలేనివాళ్ళ గడియారం కూడా చేసి, ఐదు నిమిషాలు ముందుకు తిప్పి ఇచ్చేవాడట, వాళ్ళకు రోజు తొందరగా గడవాలని. ఆ మాట వెనకవాళ్ళకు, వాళ్ళ వెనకవాళ్ళకు చేరింది. గేటు చేరేసరికి నారెమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

నేను దారం కట్టాను.

ఇది ఏ ఏడుపు? నీడ కోసం వచ్చింది, ఆ మనిషి కోసం ఏడ్చింది. రావడం అబద్ధమైతే ఏడవడం నిజం కాకూడదా? ఇంటికి వచ్చి చాలాసేపు ఆలోచించి, అన్నం మాడ్చాను.

నమోదు 231. అప్పిచ్చినవాళ్ళ మనిషి.

సముద్రం వైపు నుంచి నిరుపమ గారు వచ్చారు. కంపెనీకి పెట్టుబడి పెట్టినవాళ్ళ తరఫు మనిషి. చిన్నవయసు, మంచి మాట. కంపెనీ మునిగిపోతోందని ఆమె చెప్పేదాకా మాకెవరికీ తెలియదు, కదిరప్పకు తప్ప. ఆరు పట్టణాల్లో డబ్బు కట్టే ఇళ్ళకంటే మైల ఇళ్ళే ఎక్కువైపోయాయట. సంతాప రాయితీ తీసేస్తే కంపెనీ ఆయనదే. తీయకపోతే కాదు.

"కదిరప్ప గారూ, ఒక్క మాట అడుగుతానండీ. నీడ ఇవ్వకపోయినా జనం శవం వెంట వస్తారా?"

"వస్తారు."

"వచ్చేవాళ్ళకు ఇవ్వడం దేనికండీ, దండగ కదా? పోనీ, రారనుకుందాం. అంటే వాళ్ళు మనిషి కోసం కాదు, నీడ కోసమే వస్తున్నారన్నమాట. అలాంటివాళ్ళకు ఇవ్వడం ఇంకా దండగ కదండీ?"

కదిరప్ప కర్టెన్ తాడు లాగాడు. ముడి గట్టిగానే ఉంది. నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు హైమమ్మా. సదువుకున్నదానివి."

"వాదన సరిగ్గానే ఉందన్నా. కానీ..."

"ఆ కానీ కాడ్నించి చెప్పు."

"అక్కడినుంచి నాకూ తెలియదు."

"దీనికా తల్లీ అన్నేండ్లు సదివింది!" అన్నాడు. కోపంగా కాదు, జాలిగా. తర్వాత నిరుపమ గారితో అన్నాడు. "ఆ కానీ నేను చెప్తా వినమ్మా. మా నాయన వెంట నడవనోళ్ళు చెడ్డోళ్ళు గాదు, బయపడినోళ్ళు. బయపడినోనికి ఒక సాకియ్యల్ల, బయటికొస్తాడు. సాకు నాదైనా నడిచే కాళ్ళు వానివే గదా."

"సాకు ఖరీదు ఎక్కువైందండీ."

"తీసెయ్యను."

"అయితే మిమ్మల్ని తీసేస్తారండీ," అన్నది ఆమె, ఎంతో మర్యాదగా.

"తీసెయ్యండి. నేను పోయినాక దారమూ తీసేస్తారు, తెలుసు. అయినా వస్తారు చూడు. అలవాటైపోయింది మా వాళ్ళకి."

"వస్తే అందరికంటే ముందు నేను సంతోషిస్తాను." ఆమె నిజంగానే అన్నదని నాకనిపించింది. ఇద్దరిలో ఎవరు గెలవాలని నేను కోరుకుంటున్నానో తెలుసు. ఎవరు గెలుస్తారో కూడా తెలుసనిపించి మనసు బాగాలేదు.

నమోదు 236. కొత్త బోర్డు.

కంపెనీ పేరు మారింది. సమశీతల సేవలు. సంతాప రాయితీ రద్దయింది. దారాల పెట్టె అప్పగించేశాను. నన్ను నష్ట నిర్ధారణ శాఖలో వేశారు. కొత్తవాళ్ళకు దినచర్యలు అక్కర్లేదట. చేయి ఊరుకోక నా కోసమే రాసుకుంటున్నాను.

కదిరప్ప బంగళా పోయింది, కారు పోయింది. పెద్దమనుషులు ఫోన్లు ఎత్తడం మానేశారు. ఆయన మా వీధిలో, నారెమ్మక్క వాళ్ళ వెనకగది అద్దెకు తీసుకున్నాడు. గదిని ఒకసారి పైకీ కిందికీ చూసి "అర షామియానా" అన్నాడు.

వారం తిరిగేసరికి ఆయనకు మొదటి నీడ బిల్లు వచ్చింది. వీధిలోకి వచ్చి నిలబడ్డాడు, చేతిలో బిల్లుతో.

"ఇదేం రేటప్పా? మనుషులేనా? ఏ దుర్మార్గుడు పెట్టినాడు ఇది?"

నారెమ్మక్క అరుగు మీద కందులు ఏరుకుంటోంది. తలెత్తలేదు. "ఎవరో కదిరప్పంట. ఆ పొద్దు ఊర్లో ఉండ్లేదా నువ్వు?"

వీధంతా నవ్వింది. చివరికి ఆయన కూడా. కానీ బిల్లు మడిచి జేబులో పెట్టుకుంటున్నప్పుడు చెవులు ఎర్రబడి ఉన్నాయి.

నమోదు 240. సుంకన్న.

పోవడానికి ఊళ్ళో అంతమంది ఉండగా, దారం తీసేశాక మొదట పోయినవాడు సుంకన్న. కదిరప్ప అదృష్టం అలా ఉంది.

సుంకన్నకు వీధిలో గొడవ పడని గడప లేదు. అన్నీ నీడ గొడవలే. పక్కింటి రెక్క నీడ ఆయన వాకిట్లో జానెడు పడితే, ఎండబెట్టుకున్న మిరపకాయలు పాడయ్యాయని పంచాయితీ. ఆయన నీడలో ఎవరి మేక నిలబడినా పంచాయితీ. ఎవరి చావుకూ వెళ్ళలేదు. "ఊరికే వచ్చే నీడ నాకొద్దు" అనేవాడు. ఆలోచిస్తే ఊళ్ళో నీడ కోసం ఏడవని మనిషి ఆయనొక్కడే. ఈ మాట ఆయన బతికుండగా నాకు తట్టలేదు.

పొద్దున్నే వెళ్ళాను. ఆయన భార్య మద్దక్క తల దగ్గర కూర్చుని ఉంది. పక్కూరి నుంచి ఆమె తమ్ముడు మల్లప్ప వచ్చాడు. కదిరప్ప అప్పటికే అక్కడున్నాడు. పాడె కట్లు ఒక్కొక్కటీ లాగి చూస్తున్నాడు. నారెమ్మక్క తన భర్త బాలన్నను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. మోసేవాళ్ళు ముగ్గురయ్యారు, నాలుగో మనిషి లేడు.

చీకటి ఉండగా ఎత్తరు, పొద్దు గూకాక ఎత్తరు. అది ఇక్కడి ఆచారం. ఎండ ఎక్కుతోంది. వీధిలో తలుపులన్నీ సగం తెరిచి ఉన్నాయి. సందుల్లో ముఖాలు కనిపిస్తున్నాయి. ఎవరూ గడప దాటలేదు.

కదిరప్ప వాకిలి వైపు చూడటం మానేసి పాడె వైపే చూస్తున్నాడు. నేను ఆయన వైపు చూడలేకపోయాను. మద్దక్క మెల్లగా అన్నది. "రారులేన్నా. మా ఆయన ఎవరింటికి పోయినాడని వస్తారు? ఏ బండన్నా ఉంటే చూడండి."

బండి మాట వినగానే కదిరప్ప ముఖం నల్లబడింది.

"బండేంటికి?" నారెమ్మక్క కొంగు నడుముకు చుట్టింది. "ఊరి చావులన్నీ చూసినదాన్ని. మొయ్యడం నాకు రాదా?"

"ఆడమనిషివి, నువ్వెట్ల పడతావక్కా?" అన్నాడు మల్లప్ప.

"సుంకన్న లేసి వద్దంటే దింపుతా. పట్టుకో ఆ పక్క."

ఎత్తారు. మద్దక్క నా చేయి పట్టుకుంది. వీధిలోకి రాగానే ఎండ భుజాల మీద కొట్టింది. నాలుగడుగులు వేశామో లేదో, పక్కన కిర్రుమని చప్పుడు.

బసప్ప తాత ఇంటి రెక్క వంగుతోంది.

ప్రతి రెక్కకూ గుంజ అడుగున ఒక పిడి ఉంటుంది, బాగుచేసేటప్పుడు చేత్తో వంచడానికి. దాన్ని ఇంటివాళ్ళు తాకకూడదు. తాత తాకాడు. ఆ ఇంటి మీది నీడ గోడ దిగి వీధిలోకి జారి పాడె మీద పడింది. తాత వాకిలి, వంటిల్లు, మంచం అన్నీ ఎండలో పడ్డాయి.

లోపలినుంచి దగ్గు, దాని వెనకే కేక. "నడువండప్పా బిన్నా! మా ముసల్ది మాడిపోతాంది!"

నడిచాం. ఆ నీడ అంచు చేరేసరికి తరవాతి రెక్క వంగింది. తర్వాత ఎదురింటిది. ఒక ఇల్లు దాటగానే ఆ రెక్క లేచేది, ముందరి ఇంటిది వంగేది. ఎవరూ బయటికి రాలేదు. ఎవరూ ఏడవలేదు. పిడి తిప్పే చప్పుడు, ఇంట్లో ఎండ పడగానే పిల్లల అరుపులు, అంతే. జానెడు నీడ కోసం ఈ ఇళ్ళన్నిటితో కొట్లాడిన మనిషి, వాళ్ళందరి నీడా మీద వేసుకుని వీధి పొడుగునా వెళ్ళాడు.

"మిరపకాయలు ఎండబెట్టినప్పుడు ఈ పని చేసింటే చంపేటోడు," అన్నది మద్దక్క. నవ్వింది. ఆ నవ్వులోనే మొదటిసారి ఏడ్చింది.

చివరి ఇల్లు దాటాక బయలు. అక్కడ ఎవరి రెక్కా అందదు. ఎండలోనే వెళ్ళాం. సగం దారిలో కదిరప్ప భుజం మార్చుకోబోయి తూలాడు. ఆయన మూల నేను పట్టుకున్నాను. ఇన్నేళ్ళు ఎన్నో పాడెల వెంట నడిచాను గానీ బరువు ఇంత ఉంటుందని తెలియదు.

పూడ్చి వెనక్కి వస్తూ గేటు దగ్గర ఆయన ఆగాడు. "హైమమ్మా. వచ్చినట్టా, రానట్టా?"

"నడవలేదన్నా."

"అది నేనూ చూసినాలే. వచ్చినట్టా?"

నా చేయి అలవాటుగా దారాల సంచి కోసం భుజం తడిమింది. ఆయన అది చూశాడు. బోరింగు దగ్గర తల తడుపుకుని ముందు నడిచాడు.

నమోదు 241. నివేదిక.

రెక్కల కదలికలన్నీ కంపెనీ తెరల మీద కనిపిస్తాయని మాకు తట్టనే లేదు. అనుమతి లేకుండా నీడ మళ్ళించడం నేరం. శిక్ష, ఆ వీధి రెక్కలన్నీ వానలు పడేదాకా మడిచేయడం. వానలు ఇంకా చాలా దూరం. బసప్ప తాత అన్నాళ్ళు ఉండడు. పసిపిల్లలున్న ఇళ్ళున్నాయి.

నిరుపమ గారు ఫోన్ చేశారు. "హైమవతి గారూ, మీరు అక్కడే ఉన్నారట కదండీ. ఏం జరిగిందో మీరే రాయాలి. మీరు రాసిందే ఆఖరు."

కాగితం ముందు కూర్చున్నాను. నేను రాసే ప్రతి వాక్యంలో బహుశా అనో, కావచ్చు అనో, అనిపించింది అనో ఉంటుంది. అది నా జబ్బు అని మా ప్రొఫెసరు కూడా అనేవాడు. ఇవాళ ఒకే వాక్యం రాశాను. గాలికి వంగినవి. సంతకం చేసి పంపాను.

కాసేపటికి మళ్ళీ ఫోన్. "గాలా అండీ?"

"గాలేనండీ."

"ఇంటి తరవాత ఇల్లు, వరసగా, శవం ఎంత వేగంగా పోతే అంత వేగంగా?"

"మా వైపు అలాగే వీస్తుందండీ."

అటువైపు కాగితం మీద కలం కదిలిన చప్పుడు వినిపించింది. ఆమె తెర మీద ఆ రోజు గాలి వేగం కూడా ఉంటుందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

"మరి..." అన్నది చివరికి. "ఆ గాలి మళ్ళీ వీచే అవకాశం ఉందంటారా?"

"ఎవరైనా పోతే వీస్తుందండీ," అన్నాను.